నెట్ లేని రోజుకి రెండో దారి



2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను ఆ మధ్యాహ్నం విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 170 కిలోమీటర్లకు తగ్గని గాలి. పొద్దుటి నుంచీ కొట్టి కొట్టి, తుపాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు కాసేపు తెరిపి ఇచ్చింది. గండం గడిచిందని జనం తలుపులు తీసేసరికి మళ్ళీ ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. సాయంత్రానికి కైలాసగిరి మీద చెట్లు మోడులయ్యాయి. విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది. కరెంటు స్తంభాలు వీధి వీధినా నేలకొరిగాయి. సెల్ టవర్లు కొన్ని విరిగిపడ్డాయి. నిలబడ్డవి కరెంటు లేక, డీజిలు అందక మూగబోయాయి.

ఆ తరవాతి రోజులు విశాఖ వాళ్ళెవరూ మరిచిపోరు. ఏటీఎంలు పనిచెయ్యలేదు. పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన బళ్ళు. పాలప్యాకెట్టుకీ మంచినీళ్ళ క్యానుకీ అడిగినంత ఇచ్చుకోవలసి వచ్చింది. హైదరాబాదులో ఉన్న కొడుకు, అమెరికాలో ఉన్న కూతురు ఇక్కడి అమ్మానాన్నల గొంతు వినడానికి రోజుల తరబడి తపించారు. ఫోను కలిసిన ఒక్కరి దగ్గరికి వీధి వీధంతా వెళ్ళి, మా వాళ్ళకి కూడా ఒక్క మాట చెప్పమని అడిగారు.

అయినా ఊరు బతికింది. ఎలా బతికిందో ఇప్పుడు గుర్తు చేసుకోవడం అవసరం. కిరాణా కొట్లో నోట్లు చెల్లాయి. నోట్లు అయిపోయిన వాళ్ళకు కొట్టువాడి అరువు పుస్తకం ఉంది. మందుల షాపువాడు చీటీ చూసి మందు ఇచ్చాడు. బ్యాటరీ రేడియో ఉన్నవాళ్ళు వార్తలు విని చుట్టుపక్కల వాళ్ళకు చెప్పారు. ఫోను మూగబోయింది గానీ ఊళ్ళో పనులన్నీ ఆ ఫోనుకు కట్టి లేవు. అప్పటికి మన రోజువారీ బతుకు ఇంకా ఇంటర్నెట్ లోకి పూర్తిగా మారలేదు.

ఈ రోజు అదే గాలి అదే వేగంతో వస్తే మనం అప్పటికంటే గట్టిగా తట్టుకోగలమా? ఈ ప్రసంగంలో నేను మీ ముందు పెట్టదలచుకున్నది ఈ ఒక్క ప్రశ్నే.

2014 తరవాత ఏం జరిగిందో చూడండి. 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో చవక డేటా వచ్చింది. నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. 2020లో కరోనా వచ్చి చదువునీ ఉద్యోగాన్నీ డాక్టరు సలహానీ కూడా ఫోనులోకి తెచ్చింది. 2023 ఆగస్టు నాటికి యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలో వెయ్యి కోట్లు దాటాయి. అంటే మనం ఇంతగా ఇంటర్నెట్ మీద ఆధారపడడం తాతల నాటి నుంచి వచ్చిన అలవాటు కాదు. పట్టుమని పదేళ్ళ కాలంలో జరిగిన మార్పు. ఇంత తొందరగా జరిగింది కాబట్టే, మధ్యలో ఏం పారేసుకున్నామో చూసుకునే తీరిక మనకు దొరకలేదు.

ఇప్పుడు ఏదైనా ఒక వీధిలో సిగ్నల్, నెట్ రెండూ పోయాయనుకుందాం. టీ బండి దగ్గర పది రూపాయల టీకి స్కానర్ ఉంది, తాగేవాడి జేబులో చిల్లర లేదు. బండివాడి దగ్గరా లేదు, ఎందుకంటే పొద్దుటి నుంచీ ఎవరూ నోటు ఇవ్వలేదు. ఆటో డ్రైవరుకు యాప్ తెరుచుకోదు, బేరం రాదు. గ్యాస్ సిలిండర్ తెచ్చిన కుర్రాడు ఫోనుకొచ్చే కోడ్ చెప్పమంటాడు, కోడ్ రాదు. కాలేజీ పిల్లవాడి హాల్ టికెట్ మెయిల్లో ఉంది. ఆస్పత్రిలో చేరిన మనిషి పాత రిపోర్టులన్నీ కొడుకు వాట్సాప్‌లో ఉన్నాయి. ఆ కొడుకు నంబరు తల్లికి నోటికి రాదు, ఫోనులో పేరు నొక్కడమే అలవాటు. ఇందులో ఏ ఒక్కదానికీ తుపాను రానక్కర్లేదు. రోడ్డు తవ్వే యంత్రం ఒక కేబుల్ తెంపితే చాలు.

అసలు ఈ నెట్ ఎలా వస్తోందో ఒక్క నిమిషం చూద్దాం. అది గాలిలోంచి వస్తోందని మనకు అనిపిస్తుంది. నిజానికి అది గాలిలో నడిచేది ముఖ్యంగా మన ఫోను నుంచి దగ్గరి టవరు దాకా ఉన్న కాస్త దూరమే. ఆ పైన దాదాపు అంతా తీగే. టవరు నుంచి ఎక్స్ఛేంజికి ఫైబర్, అక్కడి నుంచి నగరానికి ఫైబర్, విదేశాలకు వెళ్ళాలంటే ముంబయి, చెన్నై వంటి తీరాల దగ్గర ఒడ్డెక్కే సముద్రపు కేబుళ్ళు. ఆ టవరుకి కరెంటు కావాలి. కరెంటు పోతే బ్యాటరీలు కొన్ని గంటలు మోస్తాయి. తరవాత జనరేటరు. రోడ్డుకి అడ్డంగా చెట్టు పడి డీజిలు బండి రాలేకపోతే, టవరు చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నా లేనట్టే. కరెంటు, డీజిలు, రోడ్డు, ఫైబర్: ఈ నాలుగింటిలో ఏది తెగినా మన చేతిలోని ఫోను ఉత్త గాజు పలకే.

పాత లాండ్‌లైన్ సంగతి వేరు. ఆ ఫోనుకి ఇంట్లో కరెంటు అక్కర్లేదు. ఎక్స్ఛేంజి గదిలో వరసగా పేర్చిన బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు ఆ రాగి తీగ వెంటే మన ఇంటికి వచ్చేది. ఊరంతా చీకటిగా ఉన్నా రిసీవరు ఎత్తితే చెవిలో ఆ సన్నటి మోత వినిపించేది అందుకే. ఇప్పుడు అదే నంబరు ఫైబర్ మీదికి మారింది. గోడకున్న చిన్న పెట్టెలో దీపం వెలిగితేనే ఫోను పనిచేస్తుంది. ఫైబర్ మేలు చాలా ఉంది, వేగం ఎన్నో రెట్లు. కానీ మారేటప్పుడు ఎవరైనా మనకు చెప్పారా, ఇకనుంచి కరెంటు పోతే ఫోనూ పోతుందని? ఆ ఒక్క మాట చెప్పి, దానికో చిన్న బ్యాటరీ పెట్టుకోమని ఉంటే ఎంత బాగుండేది!

ఒకే తీగ మీద ఆధారపడితే ఏమవుతుందో పసిఫిక్ సముద్రంలోని టోంగా దేశం చూసింది. 2022 జనవరి 15న అక్కడ సముద్రంలో అగ్నిపర్వతం బద్దలైంది. ఫిజీ నుంచి వచ్చే 800 కిలోమీటర్ల పైచిలుకు కేబుల్ తెగింది. అప్పటికి ఆ దేశాన్ని లోకంతో కలిపే సముద్రపు కేబుల్ అదొక్కటే. ఓడ వెళ్ళి దాన్ని అతికించి, ప్రధాన ద్వీపానికి మళ్ళీ నెట్ వచ్చేసరికి అయిదు వారాలు పట్టింది.

అది చిన్న దేశం, పెద్ద దేశాలకు ఆ బాధ లేదు అనుకోకండి. అదే ఏడాది జూలై 8న కెనడాలో రోజర్స్ అనే పెద్ద టెలికాం సంస్థ నెట్‌వర్క్ మొత్తం కూలిపోయింది. తుపాను లేదు, భూకంపం లేదు. తెల్లవారుజామున నెట్‌వర్క్‌ను మెరుగుపరిచే పనిలో ఒక అమరిక తప్పింది. 1.2 కోట్లకు పైగా వినియోగదారులకు ఫోనూ నెట్టూ పోయాయి. ఆ దేశమంతా వాడే డెబిట్ చెల్లింపుల వ్యవస్థ ఆగిపోయింది. అత్యవసర సహాయానికి 911 నంబరు నొక్కినా చాలామందికి కలవలేదు. టొరంటో పక్కన బ్రాంప్టన్, మిస్సిసాగా వంటి ఊళ్ళలో మన తెలుగు కుటుంబాలూ చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలూ ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు.

ఆ ఘటనలో అందరికీ పాఠం కావలసిన విషయం మరొకటుంది. ఆ సంస్థ ఇంజనీర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఫోన్లు కూడా అదే నెట్‌వర్క్ మీద ఉన్నాయి. చెడిపోయిన యంత్రాలను దూరం నుంచి సరిచేసే దారి కూడా అదే నెట్‌వర్క్. దాంతో తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికే గంటలు పట్టింది. కొందరు సిబ్బంది వేరే కంపెనీల సిమ్ములు తెచ్చుకుని మాట్లాడుకోవలసి వచ్చింది. నెట్‌వర్క్‌ను కట్టి నడిపేవాళ్ళే తమ కోసం రెండో దారి ఉంచుకోలేదు. ఆ తరవాత అక్కడి ప్రభుత్వం పట్టుబట్టి, ఒక కంపెనీ కూలితే మరో కంపెనీ సాయం చేసేలా టెలికాం సంస్థల మధ్య ఒప్పందం కుదిర్చింది. దెబ్బ తిన్నాక నేర్చుకున్నారు. మనం తినకముందే నేర్చుకోవచ్చు.

నెట్ పోవడం అంటే పెద్ద ప్రమాదాల గురించే మాట్లాడుతున్నానని అనుకోవద్దు. మన ఊళ్ళలో రోజూ నెట్ పోయే చోటు ఒకటుంది. అది చౌకధరల దుకాణం.

నెల మొదటి రోజుల్లో ఏ రేషన్ షాపు ముందైనా నిలబడి చూడండి. కౌంటరు మీద అరచేతి మందాన ఒక ఈ-పోస్ యంత్రం. డీలరు కార్డు నంబరు నొక్కుతాడు. డెబ్బై దాటిన అవ్వ వంతు వస్తుంది. జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసి, అంట్లు తోమి అరిగిపోయిన బొటనవేలు. చీరచెంగుతో తుడుచుకుని గాజు మీద ఆనిస్తుంది. యంత్రం ఒప్పుకోదు. డీలరు తడిగుడ్డతో తుడిచి, ఇంకో వేలు పెట్టమంటాడు. ఈసారి వేలిముద్ర పడుతుంది, కానీ తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. "సర్వర్ బిజీగా ఉందవ్వా, సాయంత్రం రా" అంటాడు. అవ్వ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెనక్కి వెళుతుంది. సాయంత్రం మళ్ళీ వస్తుంది. ఆ డీలరు చెడ్డవాడు కాదు. బియ్యం బస్తా అతని వెనకే ఉంది, అవ్వ ఎవరో అతనికి ముప్పై ఏళ్ళుగా తెలుసు. కానీ ఎక్కడో ఉన్న సర్వర్ అవునంటేనే తూకం కదులుతుంది.

వేలిముద్రలు పడని వాళ్ళకు గ్రామ అధికారి వేలిముద్ర వేసి ఇప్పించే ఏర్పాటు మన దగ్గర ఉండేది. మంచి ఆలోచనే. అయితే ఆ అధికారి వేలు కూడా అదే యంత్రం మీద, అదే సిగ్నల్ మీద పెట్టాల్సిందే కదా! సిగ్నల్ లేనప్పుడు ఆ ఏర్పాటూ ఆగిపోతుంది. అందుకే దాన్ని నేను రెండో దారి అనను. మొదటి దారిలోనే రెండో మనిషిని నిలబెట్టడం అది. నిజమైన రెండో దారి కాగితం మీద ఉంది. నెట్ లేకపోయినా, వేలిముద్ర పడకపోయినా, కార్డు చూసి, రిజిస్టరులో రాసుకుని, సరుకులు ఇవ్వాలని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఆ రిజిస్టరు మీ ఊరి దుకాణంలో ఉందో లేదో, ఉంటే అందులో ఒక్క పేరైనా రాసి ఉందో లేదో ఈసారి వెళ్ళినప్పుడు చూడండి.

ఉపాధి హామీ పనిలోనూ ఇదే. 2023 జనవరి 1 నుంచి పనిచోట హాజరు ఫోను యాప్‌లోనే వెయ్యాలన్నారు. రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తియ్యాలన్నారు. పాడేరు, అరకు వైపు కొండల్లో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి ఫోను పైకెత్తి పట్టుకునే ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ గోతిలో దిగి మట్టి తీసిన మనిషి కష్టం కళ్ళముందే కనిపిస్తూ ఉంటుంది. అది యాప్‌లోకి ఎక్కకపోతే కూలి డబ్బుకి ఎసరు వస్తుంది.

నెట్ పోయిన రోజున ఇంట్లో అందరూ ఒకచోట కూర్చుని కబుర్లు చెప్పుకున్నారని, పిల్లలు పుస్తకం తెరిచారని చాలామంది ముచ్చటగా చెబుతుంటారు. ఆ ముచ్చట నిజమే. కాదనను. కానీ అది ఇంట్లో బియ్యం, జేబులో నోట్లు ఉన్నవాళ్ళ ముచ్చట. రోజుకూలీకి, డెలివరీ కుర్రాడికి, ఆటో డ్రైవరుకి, చేపల బుట్టతో వచ్చే ఆమెకి నెట్ లేని రోజు సెలవు రోజు కాదు, సంపాదన లేని రోజు. 2022 మేలో అమలాపురంలో గొడవలు జరిగినప్పుడు కోనసీమలో ప్రభుత్వం మొబైల్ ఇంటర్నెట్ ఆపేసింది. రోజుల తరబడి అది తిరిగి రాలేదు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ల్యాప్‌టాప్ పట్టుకుని యానాం, కాకినాడ, రాజమండ్రి వైపు పరుగులు తీశారు. వాళ్ళకు వెళ్ళడానికి ఒక ఊరైనా ఉంది. స్కానర్ నమ్ముకున్న చిన్న కొట్టువాడు కొట్టు ఎత్తుకుని ఎక్కడికి వెళతాడు?

ఇంత చెప్పాక, సాంకేతికత మనకొద్దు, వెనకటి రోజులే మేలు అంటానని కొందరు అనుకోవచ్చు. నేను ఆ మాట అనను. అనకపోవడానికి దివిసీమ చాలు. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమ మీద ఉప్పెన పడింది. సుమారు పదివేల మంది కొట్టుకుపోయారు. నీటి గోడ ఊరి మీదికి వచ్చేదాకా చాలా ఊళ్ళకు సంగతే తెలియదు. 2014లో హుద్‌హుద్ రాకముందే అది ఎప్పుడు, ఎక్కడ తీరం దాటుతుందో వాతావరణ శాఖ చెప్పింది. ఉపగ్రహాలు, రాడార్లు, కంప్యూటర్లు చెప్పించాయి. లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. పోయిన ప్రాణాలు పదుల్లో ఆగాయి. ఈ తేడా తెచ్చింది సాంకేతికతే. దానికి చేతులెత్తి మొక్కాలి.

కాబట్టి ఆధారపడడంలో తప్పు లేదు. మనిషి వాననీ ఎద్దునీ పొరుగువాణ్ణీ నమ్ముకునే బతికాడు, ఇప్పుడు నెట్‌నీ నమ్ముకున్నాడు. తప్పు ఎక్కడ జరుగుతోందంటే, కొత్త దారి వెయ్యగానే పాత దారిని తవ్వి పారేస్తున్నాం. టెలిగ్రామ్ 2013 జూలైలో ఆగిపోయింది. వీధి చివర పసుపు బోర్డు ఎస్‌టీడీ బూత్ పోయింది. రాగి తీగ ఫోను పోతోంది. బ్యాంకు పాస్‌బుక్కులో అచ్చు వేయించుకునే వాళ్ళు తగ్గారు. చాలా ఆఫీసుల్లో "ఆన్‌లైన్లోనే పెట్టుకోవాలి" అన్న కాగితం అంటించి, దరఖాస్తు తీసుకునే కిటికీ మూసేశారు. ఇందులో కొన్ని కాలంతో పాటు పోవలసినవే. అన్నీ నిలబెట్టాలని ఎవరూ అనరు. కానీ ఒకదాన్ని మూసేముందు, ఇది లేకపోతే ఆపదలో ఏది ఆదుకుంటుందని ఎవరైనా ఆలోచించాలి కదా. చాలాసార్లు ఎవరూ ఆలోచించలేదు.

రెండో దారిని ఎలా కాపాడుకోవాలో మన కళ్ళెదుటే చూపించే సంస్థ ఒకటుంది. మన రైల్వే.

రైలు ఒక స్టేషను నుంచి బయలుదేరాలంటే అవతలి స్టేషను నుంచి లైన్ క్లియర్ అనే అనుమతి రావాలి. మామూలు రోజుల్లో అది యంత్రాల మీదే జరిగిపోతుంది. యంత్రం చెడితే? రైల్వే నిబంధనల పుస్తకంలో వరసగా రాసి ఉంటుంది: ఈ సాధనం పోతే ఆ ఫోను, ఆ ఫోను పోతే ఇంకో ఫోను, అదీ పోతే కంట్రోల్ ఫోను, ఆపైన వైర్‌లెస్ సెట్. అన్నీ పోయాయనుకోండి. పక్క స్టేషనుతో ఏ విధంగానూ మాట్లాడే వీలు లేదు. అప్పుడు కూడా రైళ్ళు ఆగిపోవాలని ఆ పుస్తకంలో లేదు. డబుల్ లైను మీదైతే స్టేషను మాస్టరు టి/సి 602 అనే అచ్చు కాగితాన్ని చేత్తో నింపి, సంతకం పెట్టి, లోకో పైలట్ చేతికి ఇస్తాడు. ముందు వెళ్ళిన రైలుకీ ఈ రైలుకీ మధ్య 30 నిమిషాల ఎడం ఉండాలి. దారి బాగా కనిపిస్తున్నా గంటకు 25 కిలోమీటర్లు మించకూడదు. దారి సరిగ్గా కనిపించకపోతే అడుగడుగూ చూసుకుంటూ పోవాలి.

ఆ కాగితాన్ని గమనించండి. అది కార్బన్ పేపరు పెట్టి రాసే మామూలు ఫారం. దాని కోసం ఎక్కడా సర్వర్ లేదు. కానీ దాని వెనక మూడు పనులు జరిగి ఉన్నాయి. ఏ యంత్రమైనా చెడుతుందని ముందే ఒప్పుకున్నారు. చెడితే ఎవరు ఏం చెయ్యాలో రాసి పెట్టారు. రాసినదాన్ని స్టేషను మాస్టర్లకూ లోకో పైలట్లకూ శిక్షణలో నేర్పి, కొన్నేళ్ళకొకసారి మళ్ళీ మళ్ళీ నేర్పుతున్నారు. రెండో దారి మొదటి దారంత వేగంగా ఉండనక్కర్లేదు. 25 కిలోమీటర్ల వేగమైనా చాలు, ప్రాణాపాయం లేకుండా బండి కదిలితే అదే పదివేలు.

మరో ఉదాహరణ మన హైదరాబాదుకు సంబంధించినది. అక్కడ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ ఉంది. సొంత వైర్‌లెస్ సెట్లతో లోకంలో ఎవరితోనైనా మాట్లాడే ఔత్సాహికులను హ్యామ్‌లు అంటారు. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్ వెళ్ళింది. అక్కడి నుంచి లోకంలోని హ్యామ్‌లతో మాట్లాడడం వాళ్ళ ఉద్దేశం. పోర్ట్ బ్లెయిర్‌లో వాళ్ళు అలా మాట్లాడుతూ ఉండగానే డిసెంబరు 26న భూకంపం, వెంటనే సునామీ. ద్వీపాల ఫోన్లు తెగిపోయాయి. సరదా కోసం తీసుకెళ్ళిన ఆ సెట్లే అప్పుడు ప్రధాన భూభాగానికి కబురు మోశాయి. ఎవరు క్షేమంగా ఉన్నారో, ఎవరికి ఏం కావాలో ఆ గొంతుల మీదే వెళ్ళింది. ఆ సెట్టుకి ఒక బ్యాటరీ, ఒక తీగ, దాన్ని వాడడం వచ్చిన ఒక మనిషి చాలు. ఈ మూడింటిలో అన్నిటికంటే దొరకనిది ఆ మనిషే. అలాంటి మనుషులను ముందుగానే తయారు చేసుకోవాలి.

డబ్బు చెల్లింపుల్లో కూడా రెండో దారులు పూర్తిగా మూసుకుపోలేదు. స్టార్ 99 హ్యాష్ నొక్కితే డేటా లేకుండా, మామూలు సిగ్నల్ మీదే డబ్బు పంపవచ్చు. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు మామూలు బటన్ ఫోన్ల కోసం యూపీఐ 123పే మొదలుపెట్టింది. ఇవి ఉన్నాయని మనలో ఎందరికి తెలుసు? 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో యూపీఐ దేశమంతటా పలుమార్లు మొరాయించినప్పుడు కొట్ల ముందు నిలబడిన జనం ఏం చెయ్యాలో తెలియక ఫోను వంక చూస్తూ ఉండిపోయారు. వాడని దారి ఉన్నా లేనట్టే. గడ్డి మొలిచి మూసుకుపోతుంది.

ఆరోగ్యశ్రీ వైద్య పథకాన్ని కూడా ఇక్కడ తలుచుకోవాలి. ఆపరేషనుకు ముందు అనుమతి ఆన్‌లైన్లో రావడం అక్కడి పద్ధతి. అయితే ప్రాణం మీదికి వచ్చిన కేసుకు ఫోను మీదే అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే వీలు ఆ పథకంలో పెట్టారు. కాగితాలు తరవాత చూసుకుంటారు. మనిషి ముందు, నమోదు తరవాత. ఈ వరస తెలిసినవాళ్ళు రాసిన నియమం అది. రేషన్ షాపుకైనా, ఉపాధి పనికైనా, పింఛనుకైనా ఇదే వరస ఉండాలి.

అయితే మనం ఏం చెయ్యాలి? ప్రభుత్వం ఏదైనా సేవను ఆన్‌లైన్లోకి తెచ్చేటప్పుడు, నెట్ లేని రోజున అది ఎలా నడుస్తుందో అదే ఉత్తర్వులో రాయాలి. రాయని పథకాన్ని సగం తయారైన పథకంగానే లెక్కించాలి. హుద్‌హుద్ తరవాత విశాఖలో ప్రపంచ బ్యాంకు సాయంతో కరెంటు తీగలను భూమిలోకి దించే పని చేపట్టారు. తీగలను గట్టిపరిచినట్టే పనులు జరిగే పద్ధతినీ గట్టిపరచాలి. అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి తుపాన్ల కాలం. దానికి ముందు, ఏడాదికొక పూట, మండలాఫీసులోనూ ఆస్పత్రిలోనూ బ్యాంకులోనూ రేషన్ షాపులోనూ కావాలని నెట్ ఆపి, కాగితం మీద పని నడిపి చూడాలి. ఆ పూట ఎక్కడ చిక్కుపడతామో, అసలు తుపాను నాడు అక్కడే చిక్కుపడతాం. ముందే తెలిస్తే సరిచేసుకోవచ్చు.

ఇక ఇంటి సంగతి. ఒక చిన్న నోటుపుస్తకంలో పది ముఖ్యమైన ఫోను నంబర్లు రాసి, అందరికీ తెలిసిన చోట పెట్టండి. పిల్లలకు అమ్మ నంబరు, నాన్న నంబరు నోటికి రావాలి. వారం రోజుల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు చిన్న నోట్లలో ఉంచండి. అయిదువందల నోటు ఆపదలో కొట్టువాడికి చిల్లర సమస్యే తప్ప సాయం కాదు. పెద్దవాళ్ళ మందుల చీటీ, రక్తం గ్రూపు, బీమా కాగితం, భూమి పాస్‌బుక్కు నకలు ఒక కవరులో పెట్టండి. సెల్స్‌తో నడిచే ఒక రేడియో కొనండి. రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి చెప్పడం లేదు. సెల్ టవరు అక్కర్లేకుండా ఎన్నో మైళ్ళ అవతలి మాట వినిపించే సాధనం ఇంటింటా పెట్టుకోగలిగినది ఇదొక్కటే. మన కొట్టువాడితో, మందుల షాపువాడితో మొహం తెలిసిన సంబంధం ఉంచుకోండి. 2014లో విశాఖ వీధుల్లో అరువు పుట్టించింది ఆ మొహమే.

చివరిగా మీ అందరికీ ఒక పని అప్పగిస్తున్నాను. రేపటి నుంచి మీరు ఏ కౌంటరు ముందు నిలబడినా, బ్యాంకైనా, ఆస్పత్రైనా, సచివాలయమైనా, పిల్లల స్కూలైనా, మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: "అయ్యా, నెట్ లేకపోతే ఈ పని ఎలా చేస్తారు?" కొందరు రిజిస్టరు తీసి చూపిస్తారు. వాళ్ళకు నమస్కారం పెట్టండి. "నెట్ వచ్చాక రండి" అన్నవాళ్ళ దగ్గర మాత్రం ఊరుకోవద్దు. పై అధికారికి ఒక అర్జీ రాయండి, గ్రామసభలో లేచి అడగండి, మీ వార్డు సభ్యుడి చేత అడిగించండి. ఎక్కువమంది అడిగితే ఆ రిజిస్టరు వస్తుంది, ఆ కిటికీ తెరుచుకుంటుంది. ఖాళీ సంచితో వెనక్కి వెళ్ళే అవ్వ తరఫున ఆ ప్రశ్న మనమే అడగాలి.